కణం గుమ్మం దగ్గర

ప్రియమైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. మొన్న ఫోన్‌లో మీరు అడిగిన ప్రశ్న ఇంకా నా మనసులోనే తిరుగుతోంది. "కణం చుట్టూ పొర ఉంటే లోపలికి ఏదైనా ఎలా వెళ్తుంది? చిల్లులుంటే లోపలివన్నీ కారిపోవా?" అన్నారు. ఇన్నేళ్లు జీవశాస్త్రం చెప్పాను గానీ ఇంత సూటిగా అడిగినవాళ్లు తక్కువ. ఫోన్‌లో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నా.

ఆ పొర పేరు కణత్వచం. మందం 7, 8 నానోమీటర్లు. అలాంటివి పదివేలకు పైగా పేరిస్తే గానీ ఒక కాగితం మందం రాదు. ముఖ్యంగా కొవ్వు అణువులతో అల్లుకున్న పొర ఇది. ఒక్కో అణువుకు నీటితో కలిసే తల, నీటితో కలవని రెండు తోకలు ఉంటాయి. కణం లోపలా బయటా నీళ్లే కాబట్టి తలలు నీటి వైపు తిరిగి, తోకలు మధ్యలో దాక్కుని, రెండు వరసలు ఏర్పడతాయి. 1925లో గోర్టర్, గ్రెండెల్ అనే శాస్త్రవేత్తలు ఎర్ర రక్తకణాల నుంచి కొవ్వు తీసి నీటి మీద పరిస్తే, కణాల ఉపరితలానికి రెట్టింపు జాగా పట్టింది. అలా రెండు వరసలని గ్రహించారు. వాళ్ల లెక్కలో రెండు పొరపాట్లు దొర్లాయని తర్వాత తెలిసింది. ఒకటి ఇంకోదాన్ని సరిచేయడంతో జవాబు మాత్రం నిలబడింది!

ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ ఈ కొవ్వులోంచి సులువుగా దాటిపోతాయి. దీన్నే విసరణ అంటాం. "ఎక్కువ ఉన్న చోటు నుంచి తక్కువ ఉన్న చోటుకు పోతాయి" అని మీరు బట్టీ పట్టి ఉంటారు. కానీ అణువుకు ఎటు పోవాలో తెలియదు. ప్రతి అణువూ ఎప్పుడూ అటూ ఇటూ కొట్టుకుంటూనే ఉంటుంది. గుంపు ఎక్కువున్న వైపు నుంచి దాటేవి ఎక్కువ, తక్కువున్న వైపు నుంచి తిరిగొచ్చేవి తక్కువ. అంతే. ఎవరూ తోయరు, కణానికి పైసా ఖర్చు లేదు.

నీటి సంగతి కళ్లతో చూడాల్సిందే. రియో అని కుండీల్లో పెంచే ఒక మొక్క ఉంది, దాని ఆకు అడుగు వైపు ఊదా రంగులో ఉంటుంది. ఆ పొరను పలచగా ఒలిచి మైక్రోస్కోప్ కింద పెడితే, తేనెపట్టు గదుల్లా కణాలు, ఒక్కోదాని నిండా ఊదా రంగు కనిపిస్తాయి. అంచున ఒక చుక్క చిక్కటి ఉప్పునీరు వేసి కాసేపు చూడండి. రంగు మూలల నుంచి విడివడి, ముడుచుకుని, గది మధ్యలో ఉండలా మిగులుతుంది. బయటి గోడ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. త్వచం లోపలి నీరు బయటికి పోయింది, అదే ద్రవాభిసరణం. మరి రంగు? ఒక్క చుక్క కూడా బయటికి రాలేదు! ఆకును ముందే ఉడికించి చూస్తే రంగు నీళ్లలోకి కారిపోతుంది, ఎందుకంటే త్వచం పాడైపోయింది. మీ ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది.

నీరు కొవ్వులోంచి కొంచెం కొంచెంగా దాటగలదు గానీ చాలా కణాలకు ఆ వేగం చాలదు. వాటికి నీటి కోసమే ప్రోటీన్ దారులుంటాయి. 1992లో పీటర్ ఆగ్రే బృందం ఆ ప్రోటీన్ పని ఏమిటో కనిపెట్టింది, 2003లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఒక్క దారిలో సెకనుకు సుమారు 300 కోట్ల నీటి అణువులు, ఒకదాని వెనక ఒకటి, వరసలో వెళ్తాయి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది సోడియం పంపు. ఉప్పులో ఉండే సోడియానికి విద్యుదావేశం ఉంటుంది కాబట్టి అది కొవ్వును దాటలేదు, దారులుంటేనే లోపలికి వస్తుంది. కణం దాన్ని ఊరుకోకుండా బయటికి తోడుతుంటుంది. 3 సోడియం బయటికి, 2 పొటాషియం లోపలికి, ప్రతిసారీ ఒక ఏటీపీ, అంటే కణానికి శక్తినిచ్చే అణువు, ఖర్చు. జెన్స్ స్కో దీన్ని 1957లో పీతల నరాల్లో గుర్తించాడు. మీరు ఊరికే పడుకున్నా ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో సుమారు ఐదో వంతు ఈ పంపుకే పోతుంది.

ఇంత ఖర్చు దేనికంటారా? బయట సోడియం పేరుకుంటే, లోపలికి రావడానికి ఒత్తిడి పెరుగుతుంది. చిన్నపేగు కణాల్లో ఒక గుమ్మం ఉంది, సోడియం అందులోంచి వస్తూ గ్లూకోజ్‌ను వెంట తీసుకొస్తుంది. వాటి వెనకే నీరూ వస్తుంది. కలరా వచ్చి నీళ్ల విరేచనాలు అవుతున్నా ఆ గుమ్మం పనిచేస్తూనే ఉంటుంది. ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌లో ఉప్పుతో పాటు గ్లూకోజ్ ఎందుకుందో ఇప్పుడు అర్థమైందా? లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజ్, 2.6 గ్రాముల ఉప్పు, ఇంకొన్ని లవణాలు. కొలత తప్పి చక్కెర ఎక్కువైతే నీరు తిరిగి పేగులోకే పోతుంది, మీరు చూసిన రియో ఆకులో లాగే.

సెలవులకు వచ్చినప్పుడు మైక్రోస్కోప్ తుడిచి ఉంచుతాను. ఆకు మాత్రం మీరే తేవాలి.

మీ తాతయ్య