ఛాతీ గొట్టం ఎప్పుడు తీయాలి? ఒక పాత ప్రశ్న వెనుక చరిత్ర

ఊపిరితిత్తిలో కొంత భాగాన్ని తొలగించిన తర్వాత రోగి ఎప్పుడు ఇంటికి వెళ్లగలడన్నది చాలాసార్లు పైగాయం మానడాన్ని బట్టి కాక, పక్కటెముకల మధ్యగా లోపలికి పెట్టిన చెస్ట్ ట్యూబ్‌ను ఎప్పుడు తీస్తారన్న దాన్ని బట్టి తేలుతుంది. కోసిన చోట మిగిలిన గాలి గదుల నుంచి గాలి బయటికి జారుతుంటే దాన్ని ఎయిర్ లీక్ అంటారు. చాలామందిలో అది రెండు మూడు రోజుల్లో ఆగిపోతుంది. అయిదు రోజులు దాటినా ఆగకపోతే వైద్యులు దాన్ని దీర్ఘకాలిక లీక్‌గా పరిగణిస్తారు. ఊపిరితిత్తిలోని గాలి గదులు దెబ్బతినే ఎంఫిసిమా జబ్బు ఉన్నవారిలో ఈ ఇబ్బంది ఎక్కువ, ఎందుకంటే వారి ఊపిరితిత్తి కణజాలం కుట్టును గానీ స్టేపుల్‌ను గానీ గట్టిగా పట్టి ఉంచలేదు.

ఛాతీ గోడకూ ఊపిరితిత్తికీ మధ్య ప్లూరా పొరల నడుమ ఉండే సన్నని ఖాళీలో పీడనం బయటి గాలి పీడనం కన్నా తక్కువగా ఉంటుంది కాబట్టే ఊపిరితిత్తి విచ్చుకుని ఉంటుంది. అక్కడికి గాలి చేరితే అది ముడుచుకుపోతుంది. గాలి, రక్తం, ద్రవం బయటికి రావాలి, బయటి గాలి మాత్రం లోపలికి పోకూడదు. ఈ పని చేసే ఉపాయం ఆశ్చర్యం కలిగించేంత సులువైనది: గొట్టం చివరను సీసాలోని నీటిలో సుమారు 2 సెంటీమీటర్ల లోతున ముంచి, ఆ సీసాను రోగి ఛాతీ కన్నా బాగా కింద ఉంచడమే.

ఛాతీలో చేరిన చీమును కోసి బయటికి తీయడం హిపొక్రటీస్ కాలం నాటికే తెలిసిన చికిత్స. నీటి అడ్డుతో మూసి ఉంచే పద్ధతి మాత్రం 19వ శతాబ్దానిది. జర్మనీలోని హాంబర్గ్‌లో గోట్‌హార్డ్ బ్యూలావ్ అనే వైద్యుడు 1875లో దాన్ని వాడి, 1891లో దాని వివరాలను ప్రచురించారు. అయినా వైద్యలోకం దాన్ని వెంటనే అందిపుచ్చుకోలేదు. చీము కనిపిస్తే పక్కటెముక ముక్క తీసి ఛాతీని తెరిచి వదిలేయడమే చాలాకాలం రివాజుగా సాగింది.

ఆ రివాజుకు చెల్లించిన మూల్యం మొదటి ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా సైనిక శిబిరాల్లో బయటపడింది. స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియా వల్ల వచ్చిన న్యుమోనియా తర్వాత ఎంపయీమా, అంటే ఛాతీలో చీము, వచ్చిన సైనికులకు తొలిదశలోనే ఛాతీ తెరిచినప్పుడు సగటున సుమారు 30 శాతం మంది మరణించారు. దీన్ని పరిశీలించిన సైనిక కమిషన్‌లో శస్త్రవైద్యుడు ఎవార్ట్స్ గ్రాహం గుర్తించిన కారణం చీము కాదు, తెరిచిన రంధ్రం. తొలిరోజుల్లో ఊపిరితిత్తి ఇంకా ఛాతీ గోడకు అతుక్కుని ఉండదు. అప్పుడు ఛాతీ తెరిస్తే లోపలికి దూసుకొచ్చే గాలి అసలే కష్టంగా ఉన్న శ్వాసను కుప్పకూలుస్తుంది. చీము చిక్కబడే దాకా మూసిన పద్ధతిలోనే బయటికి తీయాలన్న సూచన అమలయ్యాక మరణాలు 5 శాతం లోపుకు తగ్గాయి. అదే గ్రాహం 1933లో సెయింట్ లూయిస్‌లో క్యాన్సర్ రోగికి ఒక పక్క ఊపిరితిత్తి మొత్తాన్ని ఒకే శస్త్రచికిత్సలో విజయవంతంగా తొలగించారు.

ఊపిరితిత్తి శస్త్రచికిత్సలు పెరిగాక గొట్టానికి సక్షన్, అంటే యంత్రంతో గాలిని లాగడం, తోడైంది. ఒక సీసా ద్రవం పట్టడానికి, రెండోది నీటి అడ్డుకు, మూడోది లాగే బలాన్ని నియంత్రించడానికి. 1967లో ఈ మూడింటినీ కలిపి వాడి పారేసే ఒకే ప్లాస్టిక్ పెట్టె వచ్చింది. మూడో గదిలో 20 సెంటీమీటర్ల ఎత్తున నీరు పోసి లాగే బలాన్ని ఆ మేరకే ఉంచడం ప్రపంచమంతటా అలవాటైంది. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా వింతగా తోచేది ఆ 20 అన్న అంకే, ఎందుకంటే ఇంతమంది ఛాతీలకు తగిలించిన ఆ బలం నిజంగా మేలు చేస్తుందా అని రోగులను లాటరీలా గుంపులుగా పంచి పోల్చే యాదృచ్ఛిక పరీక్షలతో గట్టిగా అడగడం 2000 దరిదాపుల్లో గానీ మొదలు కాలేదు. 2001లో రాబర్ట్ సెర్ఫోలియో బృందం ప్రచురించిన పరీక్షలో సక్షన్ ఆపి నీటి అడ్డు మీదే వదిలిన వారిలో లీక్‌లు త్వరగా మూసుకున్నాయి. నిరంతరం లాగుతుంటే రంధ్రం గుండా గాలి ప్రవాహం ఆగక, దాని అంచులు కలిసే వీలుండదన్నది దీనికి చెప్పే వివరణ. అయితే తర్వాతి పరీక్షలన్నీ ఒకే మాట చెప్పలేదు. లీక్ పెద్దదైతే, లేదా సక్షన్ లేనప్పుడు ఊపిరితిత్తి ముడుచుకుపోతుంటే, లాగక తప్పదు.

ఇంకో చిక్కు లీక్‌ను కొలవడంలో ఉంది. రోగిని దగ్గమని, సీసాలో బుడగలను చూసి అంచనా కట్టేవారు. ఉదయం ఒక వైద్యుడికి కనిపించిన బుడగ సాయంత్రం ఇంకొకరికి కనిపించకపోవచ్చు. గాలి ప్రవాహాన్ని నిమిషానికి ఇన్ని మిల్లీలీటర్లని చూపించి, గడచిన గంటల తీరును గీతగా గీసే డిజిటల్ పరికరాలు 2000 తర్వాతి దశాబ్దంలో వాడుకలోకి వచ్చాయి. 2014లో వెలువడిన ఒక అంతర్జాతీయ పరీక్షలో వాటివల్ల గొట్టం త్వరగా తీయగలిగారు, రోగులు త్వరగా ఇంటికి వెళ్లారు. మరుసటి ఏడాది వచ్చిన ఇంకో పరీక్షలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. గొట్టం తీయడానికి స్పష్టమైన నియమం ముందే పాటించే చోట పరికరం అదనంగా ఇచ్చేది తక్కువేనని నా అభిప్రాయం.

ద్రవం విషయంలోనూ అంకెలు మారాయి. రోజుకు 200 మిల్లీలీటర్లకు తగ్గితేనే గొట్టం తీయాలన్న పాత జాగ్రత్త క్రమంగా సడలింది. 2019 నాటి ఐరోపా థొరాసిక్ సర్జన్ల సంఘపు మార్గదర్శకాలు 450 మిల్లీలీటర్ల దాకా ఉన్నా తీయవచ్చన్నాయి. రెండు గొట్టాల బదులు ఒకటి చాలని, సక్షన్‌ను అందరికీ అలవాటుగా పెట్టవద్దని కూడా అవే చెప్పాయి. వచ్చే ద్రవం రక్తమో, పాలలా తెల్లని శోషరసమో అయితే ఈ వెసులుబాటు వర్తించదు.

అయిదు రోజులు దాటినా ఆగని లీక్‌కు ఇప్పుడు ఒకటికి మించిన దారులున్నాయి. 1960లలో హెన్రీ హైమ్లిక్ రూపొందించిన ఒకవైపు కవాటాన్ని గొట్టానికి తగిలించి రోగిని ఇంటికి పంపవచ్చు. లీక్ మూసుకునేలా రోగి సొంత రక్తాన్నే గొట్టం ద్వారా ఛాతీలోకి ఎక్కించవచ్చు, లేదా శ్వాసనాళాల్లోకి పంపి చూసే బ్రాంకోస్కోప్ అనే గొట్టపు పరికరంతో లీక్ అవుతున్న శ్వాసనాళంలో చిన్న కవాటం అమర్చవచ్చు. మళ్లీ శస్త్రచికిత్స చేయడం అరుదు. గాలి ఇంకా వస్తుండగా గొట్టాన్ని క్లాంపుతో బిగించి ఉంచితే మాత్రం ఛాతీలో పీడనం పేరుకుని ప్రాణం మీదికి రావచ్చు. అందుకే రోగిని ఒక గది నుంచి ఇంకో గదికి తరలించేటప్పుడు కూడా గొట్టాన్ని బిగించకుండా, పెట్టెను ఛాతీ కన్నా కిందే పట్టుకుని తీసుకెళ్తారు.