పక్క గుమ్మానికి 19 అడుగులు

నెల్లూరు రొట్టెల పండుగలో స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి చదువు రొట్టె, విదేశీ రొట్టె, పెళ్లి రొట్టె అంటూ దేనికది విడిగా మార్చుకుంటారు. విదేశీ రొట్టె పట్టిన ఇంటి పిల్లవాడు బోస్టన్ పక్కనున్న కేంబ్రిడ్జిలో ఎంఐటీ లాంటి చోట చేరి, ఏడాది తిరక్కముందే "ఒకమ్మాయి నచ్చిందమ్మా" అన్నాడనుకోండి. ఇంట్లో మొదటి మాట "ఎవరి పిల్ల నాయనా, ఏ ఊరు?" అనే. మనస్తత్వ శాస్త్రం మాత్రం ముందుగా ఇంకోటి అడుగుతుంది: ఆ అమ్మాయి ఉండే గది నీ గదికి ఎంత దూరం?

ఈ ప్రశ్నకు పేరుపడ్డ జవాబు దొరికింది ఎంఐటీలోనే. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక పెళ్లయిన విద్యార్థుల కోసం కట్టిన వెస్ట్‌గేట్ ఇళ్లలో ఎవరికి ఎవరు దగ్గరయ్యారో పరిశోధకులు లియాన్ ఫెస్టింగర్, స్టాన్లీ షాక్టర్, కర్ట్ బాక్ లెక్క తీసి 1950లో ప్రచురించారు. ఇరుగు పొరుగులను అక్కడ ఎవరూ ఏరికోరి తెచ్చుకోలేదు. పక్కపక్క గుమ్మాల మధ్య 19 అడుగులు, వరుసలో ఈ కొసకూ ఆ కొసకూ 88 అడుగులు. అంతే తేడా. అయినా పక్కింటివారిని దగ్గరి స్నేహితులుగా చెప్పినవారు 41 శాతం, ఒక ఇల్లు దాటితే 22 శాతం, ఆ కొసవారి విషయంలో 10 శాతం. మెట్ల దగ్గర ఉన్నవారికి పై అంతస్తు వాళ్లతో కూడా పరిచయాలు పెరిగాయి. ఇవి స్నేహాల లెక్కలు, నిజమే. కానీ ప్రేమైనా ముందు ఎదురుపడాలి కదా. హాస్టల్ ఉమ్మడి వంటగదిలో రోజూ ఒకే వేళకు బియ్యం కడిగే ఇద్దరికి ఆ అవకాశం దానంతటదే దొరుకుతుంది.

మాట్లాడకపోయినా సరే, కనబడితే చాలు. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో మోర్లాండ్, బీచ్ 1992లో ప్రచురించిన ప్రయోగంలో, చూడ్డానికి ఒకేలాంటి నలుగురు యువతుల్లో ఒకరు క్లాసుకు అసలు రాలేదు. మిగతావాళ్లు 5, 10, 15 సార్లు వచ్చి, ఎవరితోనూ పలకకుండా కూర్చుని వెళ్లారు. చివర్లో ఫోటోలు చూపిస్తే ఎక్కువసార్లు వచ్చినామే ఎక్కువ నచ్చింది. ఆమెను ముందే చూశామన్న సంగతి మాత్రం విద్యార్థులకు దాదాపు గుర్తే లేదు.

ఇక గుండె దడ. కెనడాలోని వాంకూవర్ దగ్గర కాపిలానో నది మీద 450 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పున్న వేలాడే వంతెన ఉంది. అడుగు వేస్తే ఊగుతుంది, కింద 230 అడుగుల లోతు. డటన్, ఆరన్ 1974లో ప్రచురించిన ప్రయోగంలో, ఆ వంతెన మీద ఒక యువతి మగవాళ్లను ఆపి ప్రశ్నలడిగి, కాగితం మూల చించి ఫోన్ నంబరు రాసిచ్చింది. నీటికి 10 అడుగుల ఎత్తులోనే ఉన్న గట్టి చెక్క వంతెన మీదా అలాగే చేశారు. ఊగే వంతెన మీద నంబరు తీసుకున్న 18 మందిలో 9 మంది ఫోన్ చేశారు, గట్టి వంతెన మీద 16 మందిలో ఇద్దరే. ధైర్యస్తులే ఆ వంతెన ఎక్కుతారేమో అన్న అనుమానం తీరడానికి, ఊగే వంతెన దాటి కనీసం పది నిమిషాలు సేదతీరినవారితో మళ్లీ పోల్చారు. వంతెన మీద ఉండగా మాట్లాడినవారే ఎక్కువగా ఫోన్ చేశారు. భయంతో కొట్టుకుంటున్న గుండెకు కారణం ఎదుట నిలబడ్డ మనిషేనని మనసు నమ్మేస్తుంది.

మొదటి సెమిస్టర్ అచ్చంగా ఆ వంతెనే. నాలుగుంపావుకే పొద్దు వాలే డిసెంబరు, ముంచుకొచ్చే ఫైనల్స్, ఫీజు అప్పు, వీటి మధ్యలో క్యాంపస్ ఉద్యోగం. ఇదే దడ రివర్సు కూడా కొడుతుంది: 1981లో వైట్ బృందం కాసేపు పరుగెత్తించిన మగవాళ్లకు అందంగా కనిపించిన యువతి మరింత నచ్చింది, అందంగా కనిపించనామె మరింత నచ్చకుండా పోయింది. అందుకే పరీక్షల వారంలో ప్రేమ మీద తీర్పు వద్దు, తెగతెంపులూ వద్దు. పరీక్షలయ్యాక, కడుపునిండా తిని, రెండు మూడు రాత్రులు బాగా నిద్రపోయాక అదే మనిషితో గంటసేపు మాట్లాడి చూడాలి.

అలా చూశాక ఆ ఇష్టం తగ్గినా తగ్గకపోయినా, పుస్తకం ముందు కూర్చోలేకపోవడం మాత్రం బద్ధకం కాదు. ఆరన్, హెలెన్ ఫిషర్, లూసీ బ్రౌన్ బృందం 2005లో ప్రచురించిన పరిశీలనలో, ప్రేమలో మునిగిన 17 మందికి ఎంఆర్ఐ యంత్రంలో ప్రియమైనవారి ఫోటో చూపితే మెదడు అడుగున డోపమీన్ అనే రసాయనాన్ని నడిపే వీటీఏ (వెంట్రల్ టెగ్మెంటల్ ఏరియా) అనే భాగం చురుకెక్కింది. కావలసినదాని వెంట పరుగెత్తించే చోటు అది. ఆ మైకం వెంటనే దిగదు. అందుకే దాన్ని దించడానికి ఫోటోల మధ్య పెద్ద అంకె నుంచి ఏడేసి తగ్గిస్తూ లెక్కపెట్టించారు: 8421, 8414, 8407, 8400.

కావలి, ఒంగోలు ఇళ్లలో తల్లిదండ్రులు కూడా ఊరూ పేరూ తర్వాత అడగొచ్చు. ముందు అడగాల్సినవి: ఎన్ని నెలలైంది, రోజూ ఎక్కడ కలుస్తారు, మొదట మాట్లాడింది పరీక్షలప్పుడా, సెలవుల్లోనా? బోస్టన్‌లో రాత్రి ఎనిమిదిన్నరకు చేసిన ఫోన్ వేసవిలో ఇక్కడ పొద్దున ఆరింటికి మోగుతుంది. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పాక ఏడింటికి, పాలు కాచే పనీ అయ్యాక.