మంత్రిగారు చెబితే అయిపోతుందా? ప్రభుత్వ సంస్థలపై అపోహలు - వాస్తవాలు

దమన్‌జోడిలో అల్యూమినియం సంస్థ నాల్కో, సునాబెడలో విమాన ఇంజన్ల సంస్థ హాల్ (హెచ్‌ఏఎల్), ఛత్రపురంలో ఇసుక ఖనిజాల సంస్థ ఐఆర్‌ఈఎల్. ఒడిశాలోని కొరాపుట్, గంజాం జిల్లాల తెలుగువాళ్లకు ఇవి ఇంటి పేర్లంత పరిచయం. ప్రభుత్వ రంగంలో కంపెనీ సెక్రటరీగా బోర్డు కాగితాలు చూసినవాణ్ని కాబట్టి, జయపురంలో తరచూ వినే మాటలకు జవాబు రాస్తున్నాను.

అపోహ: వీటన్నిటికీ ఒకే మంత్రి.

వాస్తవం: నాల్కో గనుల శాఖది, హాల్ రక్షణ శాఖది. ఐఆర్‌ఈఎల్ అణుశక్తి విభాగం కింద ఉంది, అంటే ప్రధాని దగ్గరే. ఉమ్మడి నియమాలు రాసే ప్రభుత్వ సంస్థల విభాగం 2021లో ఆర్థిక శాఖకు మారింది. ఒడిశా మైనింగ్ కార్పొరేషన్ రాష్ట్రానిది. దాని మీద ఢిల్లీకి అర్జీ పెడితే తపాలా ఖర్చు దండగ.

అపోహ: మంత్రే యజమాని.

వాస్తవం: కేంద్రం వాటాలు రాష్ట్రపతి పేరున ఉంటాయి. మంత్రి బోర్డులో కూర్చోరు. శాఖ అధికారులు డైరెక్టర్లుగా వస్తారు. చైర్మన్ నియామకాన్ని ప్రధాని అధ్యక్షతన ఉండే క్యాబినెట్ కమిటీ ఖరారు చేస్తుంది.

అపోహ: అయితే మంత్రి ఉత్సవ విగ్రహమే.

వాస్తవం: ఇది మరీ అమాయకత్వం. సంస్థ నియమావళి ప్రకారం ప్రభుత్వం రాష్ట్రపతి పేరుతో రాతపూర్వక ఆదేశం ఇవ్వొచ్చు, బోర్డు పాటించి తీరాలి. కానీ ఆ కాగితం అరుదుగా వస్తుంది, ఎందుకంటే సంతకం పెడితే జవాబుదారీ మెడకు చుట్టుకుంటుంది. వచ్చేది ఫోను. "మంత్రిగారికి ఈ విషయంలో ఆసక్తి ఉందండీ" అంటారు, అంతే. దాన్ని మినిట్స్‌లో, అంటే బోర్డు సమావేశం రికార్డులో, ఏమని రాయాలి? సంస్థల్ని పాడుచేసేది ఈ నోటిమాటే అని నా గట్టి నమ్మకం.

ఒక ఉదాహరణ చూడండి. 1957లో ఆర్థిక శాఖ కార్యదర్శి ఎల్ఐసీ చేత హరిదాస్ ముంద్రా అనే వ్యాపారి కంపెనీల షేర్లు సుమారు కోటి పాతిక లక్షలకు కొనిపించారు. విధాన ఆదేశం రాతలో ఉండాలని ఎల్ఐసీ చట్టం చెబుతున్నా, అలాంటి కాగితమేదీ లేదు. తన శాఖ కార్యదర్శి చేసినదానికి మంత్రే బాధ్యుడని విచారణ జరిపిన ఛాగ్లా కమిషన్ తేల్చింది. 1958లో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. అందుకే మా వృత్తిలో మొదటి పాఠం: "కాస్త రాసి పంపించండి సార్" అనడం. చాలా ఫోన్లు అక్కడితోనే ఆగిపోతాయి.

అపోహ: మంత్రి ఉత్తరం ఉంటే ఉద్యోగం ఖాయం.

వాస్తవం: ఆ ఉత్తరం ఫైల్లో పడుంటుంది. దాని పేరు చెప్పి డబ్బడిగేవాడికి మాత్రం బాగా పనికొస్తుంది.

అపోహ: సంస్థను అమ్మడం శాఖ మంత్రి ఇష్టం.

వాస్తవం: విశాఖ ఉక్కు అమ్మకానికి 2021 జనవరిలో పచ్చజెండా ఊపింది ఆర్థిక వ్యవహారాల క్యాబినెట్ కమిటీ. చట్టం చేసి జాతీయం చేసిన చమురు సంస్థలు హెచ్‌పీసీఎల్, బీపీసీఎల్‌ల అమ్మకం విషయంలో పార్లమెంటును అడగాల్సిందేనని 2003లో సుప్రీంకోర్టు అంది. నాల్కోకు ఆ రక్షణ ఉందనుకునేవాళ్లు ఇక్కడ చాలామంది. అది 1981లో మామూలు కంపెనీగా రిజిస్టరైంది. ఆ తీర్పు దాని అమ్మకానికి అడ్డురాదు.