డివిజన్ వన్, టూ, త్రీ: ఈ అంకెలు ఎలా వచ్చాయి?

అమెరికాలో టెన్నిస్ ఆడే పిల్లలున్న తెలుగు ఇళ్లలో హైస్కూల్ మొదలవగానే ఒకటే టెన్షన్: డివిజన్ వన్ కాలేజీ వస్తుందా, రాదా? వన్ అంటే ఫస్ట్ క్లాస్, త్రీ అంటే థర్డ్ క్లాస్ అని చాలామంది అనుకుంటారు. నిజానికి కాలేజీ ఆటల్లో ఈ విభజన వెనక ఉన్నది డబ్బు లెక్క.

1905లో అమెరికన్ ఫుట్‌బాల్ మైదానాల్లో విద్యార్థులు ప్రాణాలు పోగొట్టుకుంటుంటే ప్రెసిడెంట్ థియోడర్ రూజ్‌వెల్ట్ కాలేజీల వాళ్లను పిలిపించారు. ఆ కదలికలోంచి 1906లో పుట్టిన సంఘమే తర్వాత కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ అయింది. ఆట చూసి స్కాలర్‌షిప్ ఇవ్వడానికి అది 1956లో ఒప్పుకుంది. కోట్లు ఖర్చు పెట్టే యూనివర్సిటీలకీ, చిన్న కాలేజీలకీ ఒకే రూల్స్ ఎలా కుదురుతాయి? 1973లో మూడు డివిజన్లు చేశారు. వన్‌లో ఖర్చు ఎక్కువ, టూలో స్కాలర్‌షిప్‌లు పరిమితం, త్రీలో ఆట పేరు మీద స్కాలర్‌షిప్ ఇవ్వనే కూడదు.

అందుకే అంకెను బట్టి కాలేజీ విలువ కట్టలేం. ఎంఐటీ దాదాపు అన్ని ఆటల్లోనూ డివిజన్ త్రీలోనే ఉంది. హార్వర్డ్, ప్రిన్స్‌టన్ డివిజన్ వన్‌లో ఉన్నా, అవి ఉన్న ఐవీ లీగ్ అనే కాలేజీల కూటమి నియమం ప్రకారం ఆట స్కాలర్‌షిప్ ఇవ్వవు.

డివిజన్ వన్‌లో చోటు దొరికితే ఫీజు మొత్తం మాఫీ అన్న నమ్మకం కూడా తప్పే. మొన్నమొన్నటి దాకా అక్కడ అబ్బాయిల టెన్నిస్ జట్టు మొత్తానికి 4.5 స్కాలర్‌షిప్‌లే. కోచ్ వాటినే ముక్కలు చేసి పంచేవారు. అమ్మాయిలకు 8 ఉండేవి. 1972 నాటి టైటిల్ నైన్ చట్టం అమ్మాయిలకు సమాన అవకాశాలు ఇవ్వాలంది. అబ్బాయిల వాటాలో ఒక్క ఫుట్‌బాలే 85 దాకా తీసుకునేది కాబట్టి, వాళ్ల మిగతా ఆటలకు తక్కువ మిగిలేవి.

2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందం ఈ లెక్కను మార్చింది. అందులో చేరిన కాలేజీలు ఆటగాళ్లకు నేరుగా డబ్బు ఇవ్వొచ్చు. ఆ కాలేజీల్లో స్కాలర్‌షిప్‌లకు పరిమితి పోయి, జట్టులో ఎంతమంది ఉండాలన్న దానికి పరిమితి వచ్చింది. టెన్నిస్‌కు అది 10 మంది. స్కాలర్‌షిప్ లేకపోయినా వాక్-ఆన్‌గా చేరి నెమ్మదిగా ఎదుగుదామనుకునే పిల్లలకు దారి ఇరుకైంది. నాకు ఇదే బాధగా ఉంది.

కాబట్టి కోచ్‌తో మాట్లాడేటప్పుడు డివిజన్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. జట్టులో మా అమ్మాయి ఎన్నో స్థానంలో ఆడుతుంది, మొదటి ఏడాదే మ్యాచ్‌లు దక్కుతాయా, గాయమైతే స్కాలర్‌షిప్ ఉంటుందా అన్నవి ముందు అడగాలి.