రికెటీ అనే మాట వెనక పసిపిల్లల కాళ్లున్నాయి

గుంటూరు బ్రాడీపేటలో నేను రోజూ టీ తాగే చోట ఓ చెక్క బెంచీ ఉంది, ఒక కోడు కింద అట్టముక్క మడిచి పెట్టినా సరే కూర్చోగానే కిర్రుమని పక్కకి ఒరిగిపోద్ది. మొన్న దానిమీద కూర్చుని పరీక్షలకి చదువుకునే కుర్రాడు అడిగాడు, అన్నా, ఇలా కదిలిపోయే బల్లల్ని ఇంగ్లీషులో రికెటీ అంటారే, అది రిక్షా నుంచి వచ్చిందా అని. లొడలొడలాడే పాత రిక్షాలు చూసినోళ్లకి అలా అనిపించడం సహజమే, కానీ రిక్షా జపాన్ మాట, జిన్‌రికిషా, మనిషి బలంతో నడిచే బండి అని అర్థం. రెండిటికీ చుట్టరికం లేదు.

రికెటీ పుట్టింది రికెట్స్ అనే జబ్బు పేరు నుంచి. పసిపిల్లలకి ఎముక గట్టిపడదు, నడక మొదలెట్టాక ఒంటి బరువుకే కాళ్లు విల్లులా వంగిపోతాయి, మనం దొడ్డికాళ్లు అంటాం చూడండి, అలా. 1634లో లండన్ మరణాల పట్టీల్లో ఈ పేరు కనిపించింది, 1645లో డేనియల్ విస్లర్ అనే ఇంగ్లండ్ వైద్య విద్యార్థి హాలెండ్‌లోని లైడెన్‌లో దీనిమీద థీసిస్ రాశాడు, 1650లో ఫ్రాన్సిస్ గ్లిసన్ అనే ఇంగ్లండ్ డాక్టర్ లాటిన్‌లో పుస్తకమే వేశాడు. ఇంకో ముప్పై ఏళ్లకి, 1680ల్లో, నిలవలేక పడిపోయేలా ఉన్నదాన్ని రికెటీ అనడం మొదలైంది. బల్లలకీ కుర్చీలకీ ఆ మాట అంటుకుంది ఆ తర్వాతే.

అందుకే దీన్ని ఊగిసలాడే అని తెలుగు చేస్తే నాకు నచ్చదు, అది మనసుకి వాడే మాట. రికెటీలో ఉన్నది కీళ్లు వదులైపోవడం, మన లొడలొడే దానికి దగ్గర.

జబ్బుకి కారణం దొరకడానికి మాత్రం చాలా కాలం పట్టింది. 1919లో ఎడ్వర్డ్ మెలాన్‌బీ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త కుక్కపిల్లల మీద ప్రయోగాలు చేసి కాడ్ చేప నూనెతో ఇది తగ్గుద్దని చూపించాడు, అదే ఏడాది బెర్లిన్‌లో హుల్డ్‌షిన్‌స్కీ అనే డాక్టర్ పిల్లలకి అతినీలలోహిత దీపం వెలుగు పట్టించి నయం చేశాడు. 1922లో మెకాలమ్ అనే అమెరికా శాస్త్రవేత్త చేప నూనెలో ఉన్న ఆ పదార్థం విటమిన్ ఎ కాదు, వేరేదని తేల్చాడు, దానికే విటమిన్ డి అని పేరొచ్చింది.

ఎండ తగిలితే ఈ విటమిన్ ఒంట్లోనే తయారవుద్ది, అయినా ఇంత ఎండ కాసే మన ఊళ్లలో కూడా అది తక్కువైన పిల్లలున్నారు, పొద్దున్నే స్కూలు బస్సు, ఆ తర్వాత తరగతి గది, ట్యూషన్, ఇంక ఒంటికి ఎండ తగిలేదెప్పుడు? కాల్షియం చాలకపోయినా ఈ జబ్బు రావచ్చు. మా బళ్లో ఒకమ్మాయిని అందరూ దొడ్డికాళ్లు అనే పిలిచేవాళ్లు, ఆటల పీరియడ్లో తను గోడవారనే కూర్చునేది. తనకి అలా ఎందుకయిందో మాలో ఎవరం ఒక్కసారి కూడా అడగలేదు.