మాస్కు వెనక మాట

ఆపరేషన్ థియేటర్లో సగం పని చూపులతోనే నడిచిపోతుంది. సర్జన్ చెయ్యి చాపితే చాలు, స్క్రబ్ నర్సు కావలసిన పరికరం అందిస్తుంది. మత్తు డాక్టరు నొసలు ముడిపడితే మానిటర్లో ఏదో తేడా ఉందని మిగతావాళ్లకు తెలిసిపోతుంది. 2020లో కోవిడ్ ఈ చూపుల భాషకు తెర వేసింది. ఎన్95 మాస్కు, గాగుల్స్, వాటి మీద ఫేస్ షీల్డ్. కాసేపటికి గాగుల్స్ నిండా ఆవిరి.

ఇక మిగిలింది మాట. అదీ సరిగా వినపడదు. హల్లులను విడదీసి గుర్తుపట్టడానికి మన చెవి ఎక్కువగా ఆధారపడేది సన్నని, కీచు శబ్దాల మీద. మాస్కు ముందు మింగేసేది వాటినే. మందు మోతాదు చెప్పేటప్పుడు "ఫిఫ్టీన్"కీ "ఫిఫ్టీ"కీ తేడా ఎంతో వేరే చెప్పాలా?

పైగా అందరిలోనూ భయం. 24 దేశాల్లో 1,128 మంది రోగుల వివరాలతో 2020 మేలో ఒక అధ్యయనం వచ్చింది. ఆపరేషన్ సమయానికి కాస్త ముందో, తర్వాతో కోవిడ్ సోకినవాళ్లలో 23.8 శాతం మంది 30 రోజుల్లోపే చనిపోయారని తేలింది. అంటే దాదాపు నలుగురిలో ఒకరు.

గదిలో గాలి సంగతి కూడా తలకిందులైంది. బయటి క్రిములు లోపలికి రాకుండా థియేటర్లో గాలి ఒత్తిడిని మామూలుగా కాస్త ఎక్కువగా ఉంచుతారు. తలుపు తీస్తే గాలి బయటికే పోతుంది. రోగిని కాపాడే ఆ ఏర్పాటే, లోపలున్నది కోవిడ్ రోగి అయితే వైరస్‌ను కారిడార్‌లోకి నెడుతుంది. ఊపిరి కోసం రోగి గొంతులో గొట్టం వేసేటప్పుడు తుంపరలు రేగుతాయన్న భయంతో చాలాచోట్ల ఒకరిద్దరే లోపల ఉండి, మిగతావాళ్లు బయట ఆగేవాళ్లు. గంటకు 20 సార్లు గాలి మారే గదిలో 99 శాతం కణాలు పోవడానికి సుమారు 14 నిమిషాలు పడుతుంది. అంతసేపూ టీమ్ తలుపుకు చెరోవైపు.

ఇలాంటప్పుడు అక్కరకొచ్చింది ఒక పాత కాగితం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో 19 అంశాలతో సర్జరీ చెక్‌లిస్టు తెచ్చింది. 8 నగరాల్లోని ఆసుపత్రుల్లో వాడి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. కోత పెట్టే ముందు ప్రతి ఒక్కరూ తమ పేరు, పని చెప్పాలని అందులో ఉంది. రోజూ చూసుకునే ముఖాలకు ఈ పరిచయాలేంటని నవ్వుకుని టిక్కులు పెట్టేసినవాళ్లు తక్కువేం కాదు. కోవిడ్ కాలంలో వేరే విభాగాల నుంచి వచ్చినవాళ్లతో, ముఖాలే కనిపించని టీముల్లో ఆ ఒక్క లైను విలువ తెలిసొచ్చింది. గౌన్ల మీద మార్కర్‌తో పేర్లు రాసుకున్నారు. సిడ్నీలో రాబ్ హాకెట్ అనే మత్తు డాక్టరు తన టోపీ మీద పేరూ పనీ రాసుకుని 2017లోనే ఈ దారి చూపించాడు.

పేరు తెలిస్తే పిలవడం తేలిక. "ఎవరైనా మందు ఇవ్వండి" అంటే ఎవరూ ఇవ్వరు. పేరు పెట్టి "50 ఇవ్వు" అంటే, అవతలి మనిషి "50 ఇస్తున్నా" అని తిరిగి చెప్పి, ఇచ్చాక "ఇచ్చేశాను" అనాలి. విన్నది తప్పైతే అక్కడే దొరికిపోతుంది.

దొరికిన తప్పును పైకి అనగలగాలి కదా, అసలు చిక్కు అక్కడుంది. 1990ల్లో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రి టీముల్లో మందుల పొరపాట్లను లెక్కగట్టింది. మంచి టీముల్లోనే పొరపాట్లు ఎక్కువ కనిపించాయి! వాళ్లు ఎక్కువ తప్పులు చేసి కాదు, దాచకుండా చెప్పుకోవడం వల్లేనని ఆవిడ తేల్చింది. సేఫ్టీ కల్చర్ అని పెద్ద పేరు పెట్టేది దీనికే. ఎన్ని పీపీఈ (రక్షణ దుస్తుల) కిట్లు కొన్నామో లెక్క చెప్పడం సులువు. ఎంతమంది నోరు విప్పగలరన్నది ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు.

పీపీఈ విప్పే చోట మాత్రం అది కళ్లకు కడుతుంది. వేసుకునేటప్పటి కంటే విప్పేటప్పుడే వైరస్ అంటుకునే ప్రమాదం ఎక్కువ, అప్పటికి మనిషి అలసిపోయి ఉంటాడు. అందుకని పక్కన ఒకరు నిలబడి ఒక్కో మెట్టూ చదివి వినిపిస్తారు. నాలుగు గంటల ఆపరేషన్ ముగించుకొచ్చిన సీనియర్ సర్జన్ చెయ్యి గాగుల్స్ వైపు పోతుంది.

"సార్, ఆగండి. ముందు చేతులకు శానిటైజర్."

చెయ్యి గాల్లోనే ఆగిపోతుంది.