సైటోకైన్లలో మంచివీ చెడ్డవీ ఉంటాయా? అపోహలు - వాస్తవాలు

నేను సైటోకైన్ రిసెప్టర్ల మీద పనిచేస్తానని చెప్పగానే "కోవిడ్‌లో రోగనిరోధక వ్యవస్థ అదుపు తప్పే తుఫాను తెచ్చినవి అవే కదా" అంటారు చాలామంది. రోగనిరోధక కణాలు ఒకదానికొకటి కబురు పంపుకునే చిన్న ప్రోటీన్లే సైటోకైన్లు, ఆ కబురు అందుకునేవి కణం పైనుండే రిసెప్టర్లు. వీటి గురించిన అపోహలు మందులు వాడేటప్పుడు ప్రాణం మీదికి తెస్తాయి, అందుకే రాస్తున్నాను.

అపోహ: తాళానికి తాళంచెవిలా, ఒక్కో సైటోకైన్‌కి ఒక్కో రిసెప్టర్ ఉంటుంది.

చాలావాటి విషయంలో ఇది నిజం కాదు. ఇంటర్‌ల్యూకిన్-2 అనే సైటోకైన్ రిసెప్టర్‌లో ఆల్ఫా, బీటా, గామా అని మూడు ముక్కలుంటాయి. బీటా, గామా ఉంటే చాలు, సంకేతం లోపలికి వెళ్తుంది. ఆల్ఫా కూడా తోడైతే పట్టు దాదాపు 100 రెట్లు పెరుగుతుంది. పైగా ఆ గామా ముక్కనే ఇంటర్‌ల్యూకిన్ 4, 7, 9, 15, 21 అనే ఇతర సైటోకైన్లు కూడా వాడుకుంటాయి, కాబట్టి దాని జన్యువు దెబ్బతిన్న మగపిల్లల్లో టీ కణాలు, ఎన్‌కే కణాలు అనే రోగనిరోధక కణాలు దాదాపు ఉండవు, మామూలు ఇన్ఫెక్షన్ కూడా ప్రాణాంతకమవుతుంది. ఈ సంగతి 1993లో తేలింది.

అపోహ: ఇమ్యూనిటీని పెంచే ప్రోటీన్ ఎంత ఎక్కువైతే అంత మంచిది.

అన్నిటికంటే మొండి అపోహ ఇదే. ఇంటర్‌ల్యూకిన్-2 టీ కణాలను పెంచుతుంది కాబట్టి, ముదిరిన కిడ్నీ క్యాన్సర్‌కు భారీ మోతాదులో ఇవ్వడానికి అమెరికా 1992లో అనుమతించింది. కొద్దిమందికి క్యాన్సర్ పూర్తిగా పోయి ఏళ్ల తరబడి తిరిగి రాలేదు, అది చిన్న విషయం కాదు. కానీ రక్తనాళాల నుంచి ద్రవం కారిపోయి బీపీ పడిపోయే ప్రమాదం ఉండేది. మరి ఈ ప్రోటీన్ అసలే లేకపోతే ఇమ్యూనిటీ చప్పబడాలి కదా? దాని జన్యువు తీసేసిన ఎలుకల్లో రోగనిరోధక వ్యవస్థ సొంత పేగుల మీదే దాడి చేసింది. ఎందుకంటే ఆల్ఫా ముక్క ఎప్పుడూ దండిగా ఉండేది దాడిని అదుపు చేసే రెగ్యులేటరీ టీ కణాల మీద. 1995లో జపాన్ శాస్త్రవేత్త షిమోన్ సకాగుచి ఆ ముక్కనే ఆనవాలుగా పట్టుకుని ఈ కణాలను గుర్తించారు, 2025 నోబెల్ పంచుకున్నారు. అంటే తక్కువ మోతాదు ముందు ఈ కణాలకే అందుతుంది. అందుకే అదే ప్రోటీన్‌ను కొద్దికొద్దిగా ఇచ్చి, రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదే దాడి చేసే లూపస్ జబ్బును తగ్గించగలమా అని పరీక్షిస్తున్నారు. ఈ రంగంలో నన్ను కట్టిపడేసింది ఈ విషయమే: ప్రోటీన్ ఒక్కటే, మోతాదు మారితే వినే కణం మారిపోతుంది.

అపోహ: ఇంటర్‌ల్యూకిన్-6 చెడ్డది, దాన్ని ఆపేస్తే చాలు.

2021లో కోవిడ్ రోగుల కోసం టోసిలిజుమాబ్ అనే మందు వెతుక్కుంటూ మన దగ్గర ఎన్ని కుటుంబాలు పరుగులు పెట్టాయో అందరికీ గుర్తే. ఈ మందు ఇంటర్‌ల్యూకిన్-6 రిసెప్టర్‌ను అడ్డుకుంటుంది. బ్రిటన్‌లో కోవిడ్ రోగుల మీద జరిగిన రికవరీ ట్రయల్‌లో 28 రోజుల్లోపు మరణాలు 35 శాతం నుంచి 31 శాతానికి తగ్గాయి. మేలు నిజమే, కానీ అది ఆక్సిజన్ పడిపోయి సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే రక్తపరీక్షలో కొలిచే ప్రోటీన్) బాగా పెరిగిన రోగుల్లో, అదీ ఎక్కువమందికి స్టెరాయిడ్‌తో పాటు ఇచ్చినప్పుడు. ఇంకో మాట, లివర్ సీఆర్‌పీ తయారుచేసేది ప్రధానంగా ఇంటర్‌ల్యూకిన్-6 సంకేతంతోనే. కీళ్లవాతానికి ఈ మందు వాడేవాళ్లకు ఇన్ఫెక్షన్ ముదురుతున్నా సీఆర్‌పీ రిపోర్టు నార్మల్‌గా రావచ్చు, అందుకని ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా ముందు ఈ మందు పేరు చెప్పండి.

అపోహ: కీళ్లవాతం లాంటి జబ్బుల్లో టీఎన్ఎఫ్ అనే సైటోకైన్‌ను ఆపే ఇంజెక్షన్‌కి, టీబీ పరీక్షకి సంబంధం లేదు.

ఉంది. ఒంట్లో నిద్రాణంగా ఉన్న టీబీ క్రిమిని చుట్టుముట్టి బంధించే కణాల ముద్ద చెదరకుండా ఉండాలంటే టీఎన్ఎఫ్ కావాలి. మన దేశంలో ఇలా క్రిమిని మోస్తున్నవాళ్లు కోట్లలో ఉన్నారు. ఇంజెక్షన్ మొదలుపెట్టే ముందు డాక్టర్ ఛాతీ ఎక్స్‌రే, టీబీ పరీక్ష రాస్తే, దగ్గు లేదు కదా అని మానేయకండి.